అప్ప దాచిన జబ్బు

లక్ష్మీనరసమ్మ కాలికి రేకు గీసుకుని తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉందంటే బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో ఎవరూ నమ్మలేదు. ముప్పై అయిదేళ్ళు రైల్వే ఆసుపత్రిలో ఆయాగా పని చేసిన మనిషి. ఆ ముప్పై అయిదేళ్ళలో ఒంట్లో బాగోలేదని ఒక్క సెలవు కూడా పెట్టలేదని అక్కడి నర్సులు ఇప్పటికీ చెప్పుకుంటారు.

గీసుకున్నది చిన్న గీతే. తమ్ముడు గిరిబాబు రాజ్‌కిశోర్ నగర్‌లో కట్టుకున్న ఇంటి వెనక, ఇటికల కుప్ప పక్కన పడున్న పాత రేకు తగిలింది. పసుపు అద్ది ఊరుకుంది. నాలుగో రోజుకి చీలమండ నుంచి పిక్క దాకా ఎర్రగా పొంగి, వణుకుతో జ్వరం వచ్చింది. గిరిబాబు తను పని చేసే రైల్వే షెడ్‌కి ఫోన్ చేసి సెలవు చెప్పి ఆటో పిలిచాడు.

"పద అప్పా, రైల్వే హాస్పిటల్‌కి ఎల్దాం."

"అక్కడికి నాను రాను."

"అదేటి? నీ హాస్పిటలే కదా!"

"అందుకే రాను. నాతో డ్యూటీ సేసిన పిల్ల సీతాలక్ష్మి ఇప్పుడు నా బెడ్‌పాన్ పట్టాలేటి? ఇంకెక్కడికైనా తీసుకెల్లు."

గిరిబాబు వాదించలేదు. ఊళ్ళో వేరే ఆసుపత్రిలో చేర్పించాడు.

శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ఆ కుటుంబాల్లో అక్కని అప్ప అంటారు. లక్ష్మీనరసమ్మ ఇరవై ఏళ్ళకి పెళ్ళి చేసుకుని టెక్కలి దగ్గరి పల్లె నుంచి బిలాస్‌పూర్ వచ్చింది. భర్త అప్పలకొండ గ్యాంగ్‌మన్. అయిదేళ్ళు నిండకుండానే ఒక వానాకాలం, పట్టాల మీద పని చేస్తూ గూడ్సు బండి కింద పడి పోయాడు. పిల్లల్లేరు. ఆయన పోయాక రైల్వే వాళ్ళు ఆవిడకి ఆయా ఉద్యోగం ఇచ్చారు. అదే ఏడు ఊళ్ళో తల్లి కూడా పోవడంతో పదేళ్ళ గిరిబాబుని తెచ్చి తన ఒంటి గది క్వార్టర్‌లో పెట్టుకుంది. చదివించింది, ఐటీఐ చేయించింది. వాడికి ఎలక్ట్రిక్ లోకో షెడ్‌లో ఉద్యోగం వచ్చాక ఝాన్సీని చూసి పెళ్ళి చేసింది.

రిటైరై క్వార్టర్ ఖాళీ చెయ్యాల్సి వచ్చినప్పుడు లింగియాడీహ్‌లో అద్దె గది చూసుకుంటానంది. గిరిబాబు ఆ మాట చెవిన పడనట్టే ఆవిడ ట్రంకు పెట్టె వ్యాన్‌లో వేయించి తన ఇంటికి తెచ్చేశాడు. వచ్చిందే గాని ఏడాదిన్నరగా ఆవిడ ఆ ఇంట్లో చుట్టపుచూపుగానే మసలుతోంది. తన కంచం తనే కడుగుతుంది. తన బట్టలు ఎవరినీ ముట్టుకోనివ్వదు. మంచినీళ్ళు తెచ్చిమ్మని కూడా ఎవరినీ అడగదు.

ఆసుపత్రిలో సూదిమందులు బాగానే పట్టాయి. ఎరుపు దిగింది, జ్వరం తగ్గింది. ఇంకో పది రోజులు మూడు పూటలా గొట్టం మాత్రలు వెయ్యమని రాసి ఇంటికి పంపారు. గిరిబాబు ఆ డబ్బా మీద పెన్నుతో సుబహ్, దోపహర్, శామ్ అని హిందీలో రాసిపెట్టాడు. ఝాన్సీ అప్పుడు ఊళ్ళో లేదు. తల్లికి మోకాలి ఆపరేషనైతే విజయనగరం వెళ్ళింది. కొడుకు శ్రీవత్స భిలాయ్‌లో చదువుతున్నాడు. ఇంట్లో అక్కాతమ్ముళ్ళిద్దరే.

గిరిబాబు పొద్దున్నే లేచి అన్నం, పప్పు వండి, అప్ప మంచం పక్కన స్టూలు మీద మూతలు పెట్టి డ్యూటీకి వెళ్ళేవాడు. సాయంత్రం వచ్చేసరికి మూతలు పెట్టినవి పెట్టినట్టే ఉండేవి.

"ఏటప్పా, తినలేదు?"

"నోటికి రుచి నేదురా."

వంట బాగోలేదేమో అనుకున్నాడు. మర్నాడు యూట్యూబ్ చూసి వంకాయ కూర చేశాడు. అదీ అలాగే ఉంది. ఆ మర్నాడు బుధవారీ బజార్‌లో ఇడ్లీ కట్టించుకొచ్చాడు. అర ఇడ్లీ తిని గిన్నె పక్కకి జరిపింది. తన మీద కోపమేమోనని గిరిబాబుకి అనుమానం వచ్చింది. ఆసుపత్రి నుంచి వచ్చిన రోజే, నడవొద్దంటే ఎందుకు నడుస్తావని గట్టిగా కసిరాడు. అంతవరకు ఆవిడతో ఆ గొంతుతో మాట్లాడినవాళ్ళు ఎవరూ లేరు.

ఆ వారంలోనే ఇంకోటి గమనించాడు. పెరట్లో తీగ మీద రోజూ మూడేసి చీరలు, రెండేసి దుప్పట్లు ఆరుతున్నాయి.

"కాలు కింద పెట్టొద్దన్నారు కదా. ఇవన్నీ ఎందుకు ఉతుకుతున్నావు?"

"ఖాళీగా కూకుంటే ఏటి తోస్తాది? చెమట కంపు. ఉతికీసాను."

గిరిబాబు నమ్మాడు. కానీ ఆదివారం ఇంట్లో ఉన్న రోజున, పొద్దున్నుంచి మధ్యాహ్నానికి ఆవిడ గోడ పట్టుకుని ఏడుసార్లు బాత్రూముకి వెళ్ళడం చూశాడు. ఎనిమిదోసారి వచ్చి మంచం మీద కూలబడినప్పుడు ముఖం పాలిపోయి ఉంది.

"విరోచనాలా అప్పా?"

"కొంచెం. వేడి సేసింది. మందులు వేడి కదా."

గిరిబాబు తనకి తోచిన పని చేశాడు. వీధి చివర మెడికల్ షాపుకి వెళ్ళి విరేచనాలు కట్టే మాత్రలు తెచ్చాడు. అవి వేసుకున్నాక నిజంగానే తగ్గింది. రాత్రి ఒక్కసారి కూడా లేవలేదు. సోమవారం షెడ్‌లో తోటి టెక్నీషియన్ త్రినాథరావుతో, మా అప్పకి నేనే డాక్టర్ని అని చెప్పుకుని నవ్వాడు కూడా.

మంగళవారం పొద్దున ఏడింటికి టీ పట్టుకుని వెళ్తే మంచం ఖాళీగా ఉంది. బాత్రూము తలుపు లోపల గడియ వేసి ఉంది. లోపల నీళ్ళ చప్పుడు లేదు.

"అప్పా?"

మళ్ళీ పిలిచాడు. కాసేపటికి నూతిలోంచి వచ్చినట్టు ఒక గొంతు వినిపించింది.

"నువ్వు డ్యూటీకి ఎల్లిపోరా."

"తలుపు తియ్యి."

"ఝాన్సీని రమ్మను."

"ఝాన్సీ విజయనగరంలో ఉంది. తియ్యప్పా."

"నువ్వు రాకు. రాకంటే రాకు." ఆ గొంతులో ఏడుపు ఉంది. ముప్పై ఆరేళ్ళలో అప్ప ఏడవగా అతను వినలేదు. బావ పోయిన ఏడే తనని తీసుకొచ్చింది, అప్పుడూ ఏడ్చినట్టు గుర్తు లేదు.

టీ గ్లాసు నేల మీద పెట్టి తలుపుకి భుజం ఆనించి ఒక్క తోపు తోశాడు. గడియ మేకులతో సహా ఊడింది.

ఆవిడ గోడకి చేరబడి నేల మీద కూర్చుని ఉంది. చీర, కాళ్ళు, గచ్చు అంతా పాడైపోయి ఉంది. పొట్ట ఉబ్బి ఉంది. ఒళ్ళు కాలుతోంది. ఆవిడ రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకుంది.

గిరిబాబు గీజర్ వేసి, బకెట్‌లో వేణ్ణీళ్ళకి చన్నీళ్ళు తొలిపి, పక్కన చతికిలబడ్డాడు. ముందు పాదాలు కడిగాడు, కట్టు తడవకుండా. తరవాత పైకి. ఆవిడ పొడి చీర చుట్టుకునే దాకా తల పక్కకి తిప్పుకుని, ఒక చేత్తో భుజం పట్టుకుని నిలబెట్టాడు.

"ఎన్నాళ్ళ నుంచి ఇలాగ?"

"ఇంటికొచ్చిన నాలుగో నాటి నుంచి."

"రోజుకి ఎన్నిసార్లు?"

ఆవిడ ముఖం గోడ వైపు తిప్పుకుంది. "పది. పన్నెండు. లెక్కెట్టలేదు."

"అన్నం అందుకే తినలేదా?"

"తింటే ఎల్లాలి కదరా."

ఆటోలో దారంతా ఆవిడ తల అతని భుజం మీద ఉంది. అర్పా నది వంతెన మీద ట్రాఫిక్‌లో ఆగినప్పుడు గిరిబాబు ఆవిడ చెవి దగ్గరికి వంగి అన్నాడు.

"క్వార్టర్‌లో కొత్తలో నేను పక్క తడిపేసేవాణ్ణి, గుర్తుందా? లైన్‌లో ఎవరూ లేవకముందే దుప్పటి ఉతికీసేదానివి. పదకొండో ఏడు దాకా."

"పన్నెండు," అంది ఆవిడ కళ్ళు మూసుకునే.

అదే ఆసుపత్రిలో డాక్టరమ్మ చిన్న వయసుది, ఇక్కడి పిల్లే, ఇంటిపేరు సాహూ. హిందీలో నెమ్మదిగా అడుగుతుంది. రోజుకి ఎన్నిసార్లు అని అడిగితే అప్ప "దో తీన్ బార్" అంది, రెండు మూడు సార్లేనని. గిరిబాబు ఆవిడ వైపు చూశాడు. ఊరికే ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. అప్ప చెయ్యి వెనక్కి తీసుకోబోయి, తీసుకోలేదు.

"పన్నెండు సార్లు," అంది ఈసారి. "రక్తం కూడా ఒకటి రెండు సార్లు కనపడింది."

గిరిబాబు తను తెచ్చిన మాత్రల సంగతి కూడా చెప్పాడు. ఖాళీ అయిన అట్ట జేబులోంచి తీసి బల్ల మీద పెట్టాడు. డాక్టరమ్మ దాన్ని తిప్పి చూసి, పొట్ట నొక్కి చూసి, పరీక్షలకి రాసింది. మధ్యాహ్నానికి ఫలితం వచ్చింది.

"కాలిలో పురుగుని చంపడానికి ఇచ్చిన మందు పొట్టలో ఉండే మంచి పురుగుల్ని కూడా చంపేసింది," అని విడమరిచి చెప్పింది డాక్టరమ్మ. "ఆ మంచివి ఉన్నన్నాళ్ళూ తల ఎత్తలేని చెడ్డది ఒకటుంటుంది. ఇప్పుడు దానికి అడ్డు లేకుండా పోయింది. పేగుల్లో పెరిగిపోయి విషం చిమ్ముతోంది. అది రెండో ఇన్ఫెక్షన్. మొదటిదాని వైద్యంలో పుట్టింది."

"ఆ మందు తప్పా మరి?"

"తప్పు కాదు. అది లేకపోతే కాలు పోయేది, ప్రాణమే పోయేదేమో. కొందరికి ఇలా జరుగుతుంది, పెద్ద వయసు వాళ్ళకి ఎక్కువ. మొదట్లోనే తెలిస్తే తొందరగా పట్టుకుంటాం." మళ్ళీ ఖాళీ అట్ట చేతిలోకి తీసుకుంది. "విరేచనాలు ఆపే మాత్ర మాత్రం వెయ్యకుండా ఉండాల్సింది. పోవాల్సిన విషం లోపలే ఉండిపోయింది. పొట్ట అందుకే ఉబ్బింది."

గిరిబాబు అట్ట వైపే చూస్తూ ఉండిపోయాడు. త్రినాథరావుతో నేనే డాక్టర్నని నవ్విన మాట గుర్తొచ్చింది.

"నానే సేసానప్పా," అన్నాడు బయట వార్డులో మంచం దగ్గర. సెలైన్ ఎక్కుతోంది. అతని మాట కూడా ఆవిడ మాటలాగా పూర్తిగా చిన్నప్పటి యాసలోకి పడిపోయింది. "నానే నిన్ను..."

"నువ్వేటి సేసావు? నాను సెప్పనేదు కదా," అంది అప్ప. "ముప్పై అయిదేళ్ళు ఎందరికి సేసాను, గిరీ! మంచాల మీద పోయినోళ్ళకి, సిగ్గుతో ముడుచుకుపోయినోళ్ళకి. అందరికీ ఒకటే మాట సెప్పీదాన్ని, సిగ్గేటి, ఇది ఒంటి పని, నాను ఉన్నాను కదా అని. నాకొచ్చీసరికి ఆ మాట నోట్లోనే ఉండిపోయింది."

కాలి మందు ఆపేశారు. కాలు అప్పటికే చాలావరకు మానింది, ఇక కట్టు మార్చుకుంటే చాలన్నారు. పేగులకి వేరే మందు నోటి ద్వారా మొదలుపెట్టారు. మూడు రోజులు గడ్డు రోజులే. మూడో నాడు పొట్ట మెత్తబడింది, జ్వరం జారింది. అయిదో నాడు ఇంటికి పంపుతూ డాక్టరమ్మ గిరిబాబు జేబులోంచి తొంగి చూస్తున్న సానిటైజర్ సీసాని వేలితో చూపించింది.

"దీనికి ఈ పురుగు చావదు. ప్రతిసారీ సబ్బు, నీళ్ళు. గోళ్ళ సందుల దాకా రుద్ది కడగాలి. బాత్రూము బ్లీచింగ్‌తో కడగండి."

ఝాన్సీ ఫోన్‌లో వచ్చేస్తానంది. వాళ్ళమ్మ ఇంకా వాకర్ పట్టుకుని నడుస్తోంది. "వద్దు, నేనున్నాను," అన్నాడు గిరిబాబు, సెలవు పెట్టాడు. అప్ప ఈసారి డ్యూటీకి వెళ్ళిపొమ్మనలేదు.

ఇంట్లో మొదటి రోజు దుప్పటి మార్చాల్సి వచ్చింది. ఆవిడకి లేచే ఓపిక లేదు. గిరిబాబు రెండు చంకల కింద చేతులు పెట్టి లేపబోయాడు.

"ఆగు, ఆగు! పేషెంటుని అలాగ లాక్కూడదు," అంది అప్ప. గొంతు నీరసంగానే ఉంది గాని, డ్యూటీ గొంతు. "ముందు నన్ను అటుపక్కకి తిప్పు. భుజం మీద ఒక చెయ్యి, తుంటి మీద ఒక చెయ్యి. ఆఁ. ఇప్పుడు పాడైన దుప్పటి సగం దాకా సుట్టి నా నడుం కిందకి తొయ్యి. కొత్తది దాని పక్కనే పరిచి, మిగతా సగం సుట్టి పెట్టు. అచ్ఛా. ఇప్పుడు ఇటు తిప్పు. సుట్టిన రెండిటి మీంచీ నన్ను దాటిస్తావు, పాతది అటు నుంచి లాగీ, కొత్తది పరిచీ."

మొదటిసారి దుప్పటి ముడతలు పడింది. "ముడతలుంటే పుళ్ళు పడతాయి," అని మళ్ళీ చేయించింది. మూడో రోజుకి గిరిబాబు చెయ్యి తిరిగింది. షెడ్‌లో పెద్ద మోటార్లు దింపే చేతులు అవి, ఎంత బరువైనా భయం లేదు. అప్ప బరువు తగ్గిపోవడం చూస్తేనే అతనికి భయం వేసింది. తిప్పిన ప్రతిసారీ చేతికి ఎముక తగిలేది.

"వార్డులో పెట్టుకోవచ్చు నిన్ను," అంది అప్ప నాలుగో రోజున, సాపుగా పరిచిన దుప్పటి మీద అరచెయ్యి వేసి నిమురుతూ. గిరిబాబు సబ్బుతో చేతులు కడుక్కుంటున్నాడు. వెనక్కి తిరిగి చూడలేదు, కళ్ళు తుడుచుకోవడానికి తడి చేతులు పనికి రాలేదు.

ఆ రోజుల్లో వాళ్ళు ఎప్పుడూ మాట్లాడుకోనివి మాట్లాడుకున్నారు. బావ ఎలాంటి మనిషో గిరిబాబు అడిగాడు, ఇన్నాళ్ళకి. ఆయన జీతం రోజున జేబు నిండా వేరుశనక్కాయలు తెచ్చి, వలిచి గింజలు ఆవిడ చేతిలో పోసేవాడని చెప్పింది. మళ్ళీ పెళ్ళి చేసుకోమని ఎవరూ అనలేదా అంటే, అన్నారంది. "నీకు పక్క తడిపే అలవాటు పోయాక సూద్దాం అనుకున్నాను," అని, గిరిబాబు ముఖం చూసి, "ఓరి, నవ్వరా, హాస్యానికి అన్నాను," అంది. అది పూర్తిగా హాస్యం కాదని ఇద్దరికీ తెలుసు. అయినా నవ్వారు.

పదో రోజుకి మందు అయిపోయింది. అప్ప రెండు పూటలా అన్నం తింటోంది. ఝాన్సీ తిరిగొచ్చింది. గిరిబాబు డ్యూటీకి వెళ్ళడం మొదలుపెట్టాడు. ఆసుపత్రి నుంచి పంపేముందు డాక్టరమ్మ అన్న ఇంకో మాట అతన్ని తొలుస్తూనే ఉంది. ఇది కొందరికి కొన్ని వారాల్లో తిరగబెడుతుందని ఆవిడ ముందే చెప్పింది. ఆ మాట అప్పకి కూడా తెలుసు. ఈ మనిషి మళ్ళీ దాచుకుంటే ఎలాగ అన్నదే అతని భయం. పెరట్లో తీగ మీద ఒక చీర ఎక్కువ కనిపించినా ఝాన్సీని చాటుగా అడిగేవాడు.

మూడు వారాలు గడిచాయి. ఒక గురువారం పదకొండింటప్పుడు గిరిబాబు ఇంజను కింద పిట్‌లో ఉండగా ఫోన్ మోగింది. చూస్తే అప్ప. ఆవిడ జీవితంలో ఎప్పుడూ డ్యూటీలో ఉన్నవాడికి ఫోన్ చెయ్యలేదు. గ్రీజు చేతులతోనే ఎత్తాడు.

"గిరీ, మళ్ళీ మొదలైందిరా. తెల్లారినకాడి నుంచి నాలుగు మాట్లు. జ్వరం నేదు. ఝాన్సీ బజారుకెల్లింది. నువ్వు బేగి రా, నాకు భయం వేస్తోంది."

"వస్తున్నా. పది నిమిషాలు."

పిట్‌లోంచి పైకొచ్చాడు. త్రినాథరావు అతని ముఖం చూసి, "ఏమైంది?" అన్నాడు.

"మా అప్పకి ఒంట్లో బాలేదు. ఫోన్ చేసింది."

"మరి నవ్వుతావేంటయ్యా?"

గిరిబాబు తను నవ్వుతున్నట్టు కూడా గమనించుకోలేదు. చేతులు కడుక్కోవడానికి పంపు వైపు పరిగెత్తాడు.

ఆ మధ్యాహ్నమే మందు మొదలైంది కాబట్టి ఈసారి ఆసుపత్రిలో ఉండాల్సిన పని పడలేదు. అదే మందు ఎక్కువ వారాలు, మెల్లమెల్లగా తగ్గించుకుంటూ వెయ్యమన్నారు. దుప్పట్ల పని ఝాన్సీ, గిరిబాబు పంచుకున్నారు. ఝాన్సీకి ఎలా మార్చాలో అప్ప చెప్పబోతే, "మీ తమ్ముడు నేర్పించేశారు వదినా," అంది. చలికాలం పోయేసరికి అప్ప ముఖంలో రక్తం కనిపించింది. కాలి మీద మచ్చ మిగిలింది, అంతే. మళ్ళీ తిరగబెట్టలేదు.

మందు పూర్తయిన వారం, ఒక సాయంత్రం గిరిబాబు బూట్లు విప్పుకుంటుంటే అప్ప గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ఆదివారం నీకు డ్యూటీ ఉందేటి?"

"లేదు. ఎందుకు?"

"నన్ను బండి మీద రతన్‌పూర్ తీసుకెల్లు. అమ్మవారిని సూసొద్దాం. బస్సులో నాను నిలబడలేను." ఇంకో మాట చేర్చింది. "అలాగే కాసిన్ని మంచినీళ్ళు ఇయ్యి, లేస్తే మోకాళ్ళు నొప్పిగా ఉన్నాయి."

ఆవిడ అప్పటికే నిలబడి ఉంది. గిరిబాబు ఆ సంగతి ఎత్తలేదు. వంటింట్లోకి వెళ్ళి, చేతులు కడుక్కుని, గ్లాసు నిండా నీళ్ళు పట్టుకొచ్చాడు.